కట్టని కార్టన్

సరిత కార్టన్‌లో కూర్చొని ఉంది.

నలభైకి దగ్గర పడుతున్న మనిషి, బి.ఇడి. చదివిన మనిషి, హాలు మధ్యలో ఖాళీ అట్టపెట్టెలో మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకొని కూర్చుంది. ఎదురుగా కుర్చీకి ఆనించిన ఫోన్లో చైనా పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. అక్కడ వాళ్ళు మధ్యాహ్నం నిద్ర అప్పుడే లేచారు. ఒక్కొక్కరికీ జుట్టు పైకి నిక్కి ఉంది. టింగ్‌టింగ్ అనే పిల్ల దిండు ఇంకా వదల్లేదు.

“టీచర్ ఈజ్...” అంది సరిత.

“ఇన్ ద బాక్స్!” అని తరగతి మొత్తం అరిచింది.

స్నానాలగది తలుపు తెరుచుకుంది. గంగాప్రసాద్ తువ్వాలు చుట్టుకొని బయటికి వచ్చాడు. మూడు రోజులుగా ఆ కార్టన్ తనకు కనబడనట్టే దాని పక్కనుంచి నడిచిపోతున్న మనిషి. ఇప్పుడు అందులో పెళ్ళాం కనబడేసరికి ఆగిపోయాడు.

“గిదేందే?”

పిల్లలకు ఇంకో ఆట దొరికినట్టయింది. “హలో అంకుల్!” అని ఒకడు చెయ్యి ఊపాడు. వాణ్ణి చూసి అందరూ ఊపారు. గంగాప్రసాద్ ఒక చేత్తో తువ్వాలు ముడి పట్టుకొని ఇంకో చెయ్యి సగం లేపాడు. అంతలో తాను కోపంగా ఉన్న సంగతి గుర్తొచ్చి, చెయ్యి దించేసి పడకగదిలోకి పోయాడు.

“అంకుల్ ఈజ్ ఇన్ ద రూమ్” అంది సరిత. నవ్వుతూనే అంది గానీ లోపల నవ్వు లేదు.

క్లాసు అయిపోయింది. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఫోన్‌కు మొహాలు ఆనించి బై చెప్పారు. టింగ్‌టింగ్ దిండుతో సహా ముందుకొచ్చి, టీచర్, మీరు మా బడికి ఎప్పుడొస్తారు అని తనకొచ్చిన మూడు ముక్కల ఇంగ్లిష్‌లో అడిగింది. నెల రోజులుగా ఆ పిల్ల ప్రతి క్లాసు చివర అదే అడుగుతోంది. ఈసారి సరిత జవాబు చెప్పకుండా ఫోన్ ఆపేసింది.

గంగాప్రసాద్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

“ఇంట్ల మనిషి ఉన్నడని సోయి లేదా? హాల్ల సర్కస్ పెట్టినవ్.”

“తొమ్మిదింటికి క్లాసుందని పొద్దుగాల్నే చెప్పిన.”

“నాకు చెప్పలే.”

“చెప్పిన. నువ్వు గోడ దిక్కు తిరిగి పన్నవ్. గోడ విన్నట్టుంది.”

అతను గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నాడు. ఆమె చూసింది, చెప్పలేదు. మామూలు రోజైతే లేచి సరిచేసేది.

“ఇయ్యాల జుమ్మా నమాజ్ అయినంక లిన్ మేడం వస్తది” అంది సరిత కార్టన్‌లోంచి లేస్తూ. “చైనా వీసాకు పాస్‌పోర్టు ఇయ్యాలె. కార్టన్ గూడ ఇయ్యాలె. ఎల్లుండి ఆమె తమ్ముడు పోతుండు, నా సామాన్ ముందుగాల తీస్కపోతడట.”

“ఇయ్యి.”

“కట్టంది ఎట్ల ఇయ్యాలె?”

గంగాప్రసాద్ కార్టన్ చుట్టూ తిరిగి వంటింట్లోకి పోయాడు.

ఈ కార్టన్ గొడవ బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు. కానీ బహ్రెయిన్‌లో గుదైబియా నుంచి మీనా సల్మాన్ దాకా మనవాళ్ళెవరినైనా అడగండి, నవ్వరు. జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్ళలో సెలవు మీద ఇంటికి పోయేవాడెవడైనా ముందు అందరూ గంగన్న అని పిలిచే గంగాప్రసాద్ దగ్గరికి రావలసిందే. దుప్పట్లు, సబ్బులు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, తాడు బిగించి, నాలుగు వైపులా పేరూ ఊరూ రాసి ఇస్తాడు. గంగన్న కట్టిన కార్టన్ ఎయిర్‌పోర్టులో ఊడిపోవడం ఎవరూ చూడలేదు.

పైగా దానికో పట్టింపు ఉంది. ఎవరి కార్టన్ వాళ్ళు కట్టుకోకూడదు. ఎందుకని అడిగితే ఎవరూ తిన్నగా చెప్పరు. తన కార్టన్ తనే కట్టుకున్నాడంటే వాడికి ఇక్కడ దిక్కు లేనట్టు, అంతే. పొమ్మని మనసారా చెప్పేవాళ్ళు కట్టాలి.

అందుకే మూడు రోజుల కింద సరిత కిందనున్న లాండ్రీ పక్క కొట్టులోంచి ఈ పెట్టె తెచ్చి మొగుడి ముందు పెట్టింది. అతను దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

“నేను కట్ట” అన్నాడు.

కట్టనని రెండే మాటలు. అప్పట్నుంచి ఇంట్లో అన్నం పెట్టడం, తినడం, గిన్నెలు కడగడం అన్నీ చప్పుడు చేస్తున్నాయి గానీ మనుషులు చెయ్యడం లేదు.

వంటింట్లో అతను టీ గిన్నె కోసం పై అరకు చెయ్యి చాచి, సగంలోనే దించుకొని భుజం పట్టుకున్నాడు.

“ఇంక తగ్గలేదా?” అంది సరిత గుమ్మంలోంచి.

“తల్గడ మంచిగ లేదు. మెడ పట్టింది.”

“తల్గడ మార్చి నెలాయె.”

“అయితె కొత్త తల్గడ మంచిగ లేదు.”

సరిత గిన్నె దించి స్టవ్ మీద పెట్టింది. నీళ్ళు మరిగేదాకా ఇద్దరూ స్టవ్ వైపే చూశారు.

“ఎవలన్న వింటె ఏమనుకుంటరు?” అన్నాడు అతను చివరికి. “మొగుడు బహ్రెయిన్ల, పెండ్లం చైనాల. బిడ్డ కరీంనగర్ హాస్టల్ల. ముగ్గురం మూడు దిక్కులు.”

“పదకొండేండ్లు మనం రెండు దిక్కులు లేమా? అప్పుడెవలేమన్నరు?”

“అది పొట్టకోసం.”

“ఇదేమో?”

అతను ఏమీ తోచక, “ఆ తిండి నువ్వు తినలేవు” అన్నాడు.

“బడోళ్ళు గది ఇస్తున్నరు, స్టవ్ ఉన్నది. నేనే వండుకుంట.”

“చలి.”

“సెట్టర్లు ఉన్నయి.”

“భాష రాదు.”

“నువ్వు ఈడికి వచ్చిన్నాడు నీకు అరబ్బీ వచ్చెనా?”

టీ పొంగింది. దాన్ని ఆపడానికి ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు, ఒకేసారి వెనక్కి తీశారు. సగం టీ స్టవ్ పాలైంది.

అసలు సంగతి ఏమిటంటే సరితకు పోవాలని ఉంది. లిన్ మేడం ఇక్కడి చైనా బజార్లో లైట్ల దుకాణం నడుపుతుంది. ఆమె కొడుకు రెండేళ్ళు ఈ హాల్లోనే చాప మీద కూర్చొని ఇంగ్లిష్ నేర్చుకున్నాడు. వాడి మాటలు విని, చైనాలో తమ సొంత ఊళ్ళో చిన్నపిల్లల బడి పెట్టుకున్న లిన్ మేడం అక్క, ఒక ఏడాదికి మీ టీచర్‌ను మాకు పంపమంది. ముందు నెల రోజులు ఫోన్లో చెప్పించి చూసుకుంది. బి.ఇడి. ఉంది, కోరుట్ల బడిలో చెప్పిన అనుభవం ఉంది. కాగితాలకు అడ్డు లేదు. అడ్డల్లా ఇంట్లోనే ఉంది.

కోరుట్లలో ఉన్న పదకొండేళ్ళూ ఆమె సరిత టీచర్. రోడ్డు మీద పోతుంటే పిల్లలు సైకిళ్ళు దిగి నమస్తే పెట్టేవాళ్ళు. బహ్రెయిన్ వచ్చిన ఈ ఏడేళ్ళలో ఆమె గంగన్న భార్య. వచ్చినవాళ్ళకు టీ ఇచ్చే వదిన. ఆ ఫోన్లో పిల్లలు టీచర్ అని అరిచిన మొదటిరోజు ఆమె వంటింట్లోకి పోయి కాసేపు ఊరికే నిలబడింది. ఏడుపు కాదు. ఏదో తిరిగి దొరికినట్టు అనిపించింది, అది మళ్ళీ పోతుందేమోనని భయం వేసింది.

ఆ భయమే ఇప్పుడామెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. పొద్దున్నుంచి చింతపండు పొట్లం ఒకటే మూడుసార్లు కట్టి విప్పింది.

ఫోన్ మోగింది. ముత్తెమ్మ. ఊళ్ళో ఉన్న అత్తగారు, శుక్రవారం కొడుకు ఇంట్లో ఉంటాడని తెలిసి వీడియోలో పిలుస్తుంది. తెరమీద ఆమె నుదురూ, వెనక ఇంటి కప్పూ తప్ప ఇంకేమీ కనబడదు.

“బిడ్డా, ఆడ పాములు తింటరట గద.”

“నేను తినను అత్తమ్మా.”

“నువ్వు తినవు. అన్నంల కలిపి పెడితె?”

“నా అన్నం నేనే వండుకుంట.”

“వండుకుంటవు. మరి ఈనికెవరు వండాలె? మొగణ్ణి ఒక్కణ్ణి ఇడ్సిపెట్టి పోతరా ఎవలన్న?”

సరితకు ఒళ్ళు మండింది. “మరి నన్ను ఇడ్సిపెట్టి దుబాయి రాలేదా అత్తమ్మా?” అంది. ఆ ఇంట్లో బహ్రెయిన్‌ను ఎప్పుడూ బహ్రెయిన్ అనలేదు, దుబాయే.

“నిన్ను యాడ ఇడ్సిపెట్టిండు? నా దగ్గర పెట్టి పోయిండు.”

సరిత ఫోన్ ఇంకో చేతిలోకి మార్చుకుంది. అది నిజం. కూతురు రామలక్ష్మి పుట్టినప్పుడూ, జ్వరాలొచ్చినప్పుడూ, బడికి ఆలస్యమైనప్పుడూ ముత్తెమ్మే ఉంది. మరి గంగాప్రసాద్‌ను ఎవరి దగ్గర పెట్టి పోతుంది తాను? ఆ ప్రశ్న అత్త అడగలేదు, కానీ వినబడింది.

“వాని మొఖం జూపియ్యి జెర” అంది ముత్తెమ్మ. సరిత ఫోన్ తిప్పింది. “ఏందిరా గట్లైనవ్? మొఖమంత నల్లగైంది. ఎండల తిరుగుతున్నవా?”

“ఫోన్ల అట్ల కనబడుతదే అమ్మా.”

“కోడలు తెల్లగనే కనబడుతుంది గద అదే ఫోన్ల!”

గంగాప్రసాద్ సిగ్నల్ లేదన్నాడు. పెట్టేశాడు. సిగ్నల్ మూడు గీతలూ నిండుగా ఉంది.

పది గంటల ప్రాంతంలో మల్లేష్ వచ్చాడు. గంగాప్రసాద్ కంపెనీలోనే పనిచేస్తాడు, పక్క ఊరివాడు, వరసకు తమ్ముడు. మంగళవారం సెలవు మీద ఇంటికి పోతున్నాడు. ఒక భుజం మీద అట్టపెట్టె, ఇంకో చేతిలో రెండు సంచులు, నోట్లో చుట్టాలందరి పేర్లు.

“అన్నా, మా చిన్నమ్మకు టైగర్ బామ్, మా బామ్మర్దికి టార్చిలైటు, మా పెద్దబాపుకు బనీన్లు. మా ఆమెకు సెంటు. సెంటు పగులొద్దు అన్నా, పగిలితె నేను ఇంట్లకు పోవుడు లేదు.”

“కూసో” అన్నాడు గంగాప్రసాద్. మూడు రోజుల్లో అతని గొంతు మామూలుగా వినబడడం అదే మొదలు.

హాల్లో ఇప్పుడు రెండు కార్టన్లు. ఒకటి ఖాళీగా గోడవారకు జరిగింది. రెండోదాని ముందు గంగాప్రసాద్ గొంతుక్కూర్చున్నాడు. అడుగున దుప్పటి పరిచాడు. సెంటు సీసాలు బనీన్లలో చుట్టి మధ్యలో పెట్టాడు. సబ్బులు మూలలకు సర్దాడు. మూత మీద మోకాలు వేసి టేపు లాగాడు. చేతులు ఎక్కడా తడుముకోవడం లేదు.

సరిత టీ గ్లాసులు పట్టుకొని చూస్తూ నిలబడింది. ఊళ్ళో ఎవరెవరికో కడతాడు. మల్లేష్ బామ్మర్ది టార్చిలైటు కోసం మోకాళ్ళ మీద కూర్చుంటాడు. తన పెట్టె మాత్రం గోడకు జరుపుతాడు. ఆమెకు గ్లాసులు అతని ముందు విసిరికొట్టాలనిపించింది. మెల్లగా కింద పెట్టింది.

“వదినె, ఆ కార్టనేంది, ఖాళీగుంది?” అన్నాడు మల్లేష్.

“నాది. చైనాకు.”

“కట్టలేదేంది మరి?”

మల్లేష్ ఇద్దరి మొహాలూ చూసి టీ గ్లాసులో తలదూర్చాడు. మళ్ళీ తలెత్తి, “పోనీ నేను కట్టాల్నా వదినె?” అన్నాడు.

“వద్దు.”

గంగాప్రసాద్ తాడు ఒక చుట్టు వేసి బిగించబోయి ఆగాడు. పళ్ళు కరుచుకొని భుజం పట్టుకున్నాడు. తర్వాత చేతిలో మిగిలిన ముక్క చూసి, “తాడు తక్కువైంది, తెస్త” అని లేచాడు. మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది.

మల్లేష్ ఖాళీ గ్లాసుతో లేచి, వంటింటి వైపు పోతూ తలుపు వెనక చూశాడు. మేకుకు తెల్ల హెల్మెట్ వేలాడుతోంది.

“అరె, గిది ఇంక ఈడనే ఉన్నదా? స్టోర్ల అడుగుతున్నరు, గంగన్న వాపస్ ఇయ్యలేదని.”

“కంపెనీల ఇంకోటి ఇచ్చిన్రట గద. గిది ఇంట్ల ఉండనీ అన్నడు.”

“ఇచ్చిన్రు, పసుపుది...”

మల్లేష్ నాలుక కరుచుకున్నాడు. కానీ మాట బయటపడింది. తెల్లది గంగాప్రసాద్‌లాంటి ఫోర్మెన్లకు. పసుపుది పైపులు మోసేవాళ్ళకు. ఏడేళ్ళు ఆ కంపెనీ కబుర్లు వింటున్న సరితకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఎన్నాళ్ళాయె మల్లేష్?”

“వదినె, నాకు తెల్వది.”

“తెల్వకుంటె పసుపు ఎట్ల తెల్సింది?”

మల్లేష్ తలుపు వైపు చూశాడు. “రంజాన్ అయినంక” అన్నాడు గొంతు తగ్గించి. “కొత్త ఫోర్మెన్‌ను తెచ్చిన్రు, డిప్లొమా చదివిన పిలగాడు. ఉంటె లేబర్ల ఉండు, లేకుంటె ఖలాస్ అన్నరు అన్నను. నేననుకున్న, అన్న ఖలాస్ అంటడని. గన్ని ఏండ్లు ఫోర్మెన్ చేసినోడు మళ్ళ పైపు ఎత్తుతడా? ఎత్తిండు వదినె. మా ముందటనే ఎత్తిండు.”

“ఎందుకు?”

“మీ వదినె ఈడ ఉన్నది గదరా అన్నడు. లేబర్ గ్రేడుకు ఫ్యామిలీ వీసా ఎవడిస్తడు? పాతది నడిచినన్ని రోజులు నడుస్తది. నువ్వు పోయి ఆరు నెల్లు దాటితె అది పోతది. మళ్ళ తియ్యవశం గాదు.” మల్లేష్ చేతులు జోడించాడు. “నేను చెప్పిన్నని అనకు వదినె. అన్న నా సెంటుసీసాలు పగులగొడ్తడు.”

సరిత గోడకు ఆనుకుంది. ఆరు నెలల సంగతి ఆమెకు తెలుసు. పోతే పోనీ, ఒకసారి తీసినవాడు ఇంకోసారి తీస్తాడు, కాగితం పనే కదా అనుకుంది. అందుకే ధైర్యంగా పోతానంది. ఏడాది అయ్యాక ఈ హాల్లోకే, ఈ చాప మీదికే వస్తాననుకుంది.

ఇప్పుడు పోతే ఈ ఇంటికి రావడం లేదు.

గంగాప్రసాద్ తాడు చుట్టతో తిరిగి వచ్చాడు. చంకలో మడత పెట్టిన అట్ట కూడా ఉంది. మల్లేష్‌కు ఇంకో పెట్టె కావాలేమో అనుకుంది సరిత. అతను దాన్ని బాల్కనీలో ఆనించి వచ్చి, మిగిలిన పని ముగించాడు. మల్లేష్ పేరూ ఊరూ నాలుగు వైపులా రాశాడు. మల్లేష్ పెట్టె ఎత్తుకొని, ఎవరి మొహమూ చూడకుండా, వదినె పోయొస్త అని గోడకు చెప్పి పోయాడు.

తలుపు మూసుకుంది.

సరిత మేకు మీదున్న తెల్ల హెల్మెట్ తీసింది. గోడవారనున్న తన కార్టన్‌ను హాలు మధ్యకు లాగింది. హెల్మెట్ అందులో పెట్టింది.

గంగాప్రసాద్ పెట్టెలోకి చూశాడు.

“మల్లిగాడు చెప్పిండా?”

“తల్గడ మంచిగ లేదన్నవ్.”

“సరితా...”

“అత్తమ్మకు ఫోన్ల కనబడ్డది. పక్కల పండుకునేదాన్ని, నాకు కనబడలే. బామ్ రాసిన గద ఆ భుజానికి! రాసుకుంట గూడ తల్గడనే తిట్టిన.” ఆమె గొంతు పెరిగింది. “ఈ ఒక్కమాట చెప్తె నేను మూడు దినాల కిందనే ఆగిపోదును గద!”

“అందుకే చెప్పలే.”

ఆమెకు అర్థం కాలేదు. అతను చాప మీద కూలబడ్డాడు.

“నువ్వు ఆగాల్నని ఉండె నాకు. అబద్ధమెందుకు, మస్తు ఉండె. కని నాకోసం ఆగాలె. పైపులు మోసేటోడు, పాపం అని ఆగొద్దు. గట్ల ఆగితె దినాం నా భుజం దిక్కు చూస్తవు. నేనది పడలేను.”

“మరి తిండి, చలి, ఎవలన్న ఏమంటరో, ఇవన్ని ఎందుకు నా నెత్తికి కొట్టినవ్?”

“ఏదో ఒకటి అనాలె గద.”

నవ్వొచ్చే మాటే. ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

“నేనెందుకు పోత అంటున్ననో ఒక్కసారన్న అడిగినవా?” అంది సరిత. ఆమె కూడా చాప మీద కూర్చుంది, కార్టన్‌కు అవతలి వైపు. “అడిగితె చెప్తుంటి. నీ మీద కోపం లేదు. ఈడ బాధ లేదు. ఆ పిల్లలు టీచర్ అంటే నాకు నేను మళ్ళ దొరికినట్టున్నది. గంతే. ఒక్క ఏడాది గట్ల ఉండి వస్త అనుకున్న.”

“నాకు తెల్వది.”

“అడగలే.”

“అడగలే” అని ఒప్పుకున్నాడు అతను.

బయట మసీదు మైకులో నమాజు పిలుపు వినబడింది. కింద కెఫెటేరియా షట్టర్ సగం దించిన చప్పుడైంది. గంట సేపట్లో లిన్ మేడం వస్తుంది. పాస్‌పోర్టు సరిత చేతిసంచిలో ఉంది. ఇవ్వాలా వద్దా? ఇస్తే ఇతను మళ్ళీ కంపెనీ కూలీల క్యాంపులో బంకు మంచం ఎక్కాలి. ఇవ్వకపోతే ఈ వీసా నడిచినన్నాళ్ళూ పొద్దున్నే పసుపు హెల్మెట్ పెట్టుకొని పోతాడు, తాను బామ్ రాస్తుంది, ఇద్దరూ తలగడను తిడతారు.

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. చింతపండు, కారం, పసుపు, మెంతులు, పిల్లల కోసం గీసిన బొమ్మల అట్టలు, అన్నీ గట్టు మీద వరసగా ఉన్నాయి. చింతపండు పొట్లం చేతిలోకి తీసుకుంది. పెట్టేసింది. మళ్ళీ తీసుకుంది.

హాల్లో టేపు చిరిగిన చప్పుడు.

తొంగి చూసింది. గంగాప్రసాద్ హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఆమె కార్టన్ తిరగేసి అడుగున టేపు వేస్తున్నాడు.

“సామాన్ తే” అన్నాడు తలెత్తకుండా.

“ఏం జేస్తున్నవ్?”

“కట్టాల్నంటివి గద. తే. మెత్తటియి ముందుగాల.”

సరిత స్వెటర్లు తెచ్చి ఇచ్చింది. అతను అడుగున పరిచాడు. చింతపండు పొట్లం వాసన చూసి రెండు కవర్లలో వేశాడు. బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూశాడు. ఆవు, గుడిసె, ఆటో. ఆటో బొమ్మ దగ్గర ఆగి, “గిది నువ్వే గీసినవా?” అన్నాడు. ఆమె అవునంది. నలగకుండా రెండు స్వెటర్ల మధ్య పెట్టాడు. మూత మీద మోకాలు వేసి తాడు బిగించాడు. భుజం నొప్పికి కళ్ళు మూసుకున్నాడు గానీ తాడు వదల్లేదు.

“ఊరు పేరు?”

ఆమె ఫోన్లో చూపించింది. అతను ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే చూసుకుంటూ నాలుగు వైపులా రాశాడు. పైన సరిత టీచర్ అని తెలుగులో రాశాడు. ఇన్నేళ్ళలో అతను ఆమెను ఆ పేరుతో పిలవలేదు, రాయలేదు. సరిత వంగి ఆ అక్షరాలు చదివింది. పొమ్మంటున్నాడు. మనసారా పొమ్మంటున్నాడు అనుకుంది.

గంగాప్రసాద్ లేచి బాల్కనీలోకి పోయాడు. మడత అట్ట తెచ్చి, విప్పి, నాలుగు మూలలూ నిలబెట్టాడు. హాల్లో మళ్ళీ ఖాళీ కార్టన్ తయారైంది.

“గిదెవలిది? మల్లేష్‌దా?”

“నాది.”

సరిత అతని మొహంలోకి చూసింది.

“నువ్వు లేకుంటె ఈ ఫ్లాటెందుకు, ఆ పైపులెందుకు?” అన్నాడు మామూలుగా, రేపటి కూరగాయల సంగతి చెప్పినట్టు. “నెలాఖరుకు ఖలాస్ చెప్త. నువ్వు చైనా పో. నేను ఊరికి పోత. ఏడాదైనంక నువ్వు గూడ ఊరికే రా. అమ్మ గూడ ముసల్దైంది.”

ఊరికే. ఆ ఇంటికే. పదకొండేళ్ళు అతని ఉత్తరం కోసం, ఫోన్ కోసం ఎదురుచూసిన ఆ గదికే. చైనాలో ఏడాది టీచర్, ఆ తర్వాత జీవితమంతా మళ్ళీ ఆ ఇంటి అరుగు; కోరుట్ల బడిలో తన చోట ఎప్పుడో ఇంకొకరొచ్చారు. ఇతను పద్దెనిమిదేళ్ళ బతుకును ఒక పూటలో మడత పెట్టేశాడు. దానికి కారణం తానని రేపు ఎవరూ అనకపోయినా తనకు తెలుసు.

“నన్నడిగినవా?” అంది.

“నువ్వు నన్నడిగినవా?”

అడగడం ఇద్దరికీ రాలేదు, అంతే.

నమాజు ముగిసి వీధిలో జనం కదులుతున్నారు. కింద కారు హారన్ మోగింది. సరిత ఫోన్లో లిన్ మేడం పేరు వెలిగింది.

గంగాప్రసాద్ తన నాలుగు చొక్కాలు తెచ్చి ఖాళీ పెట్టెలో వేశాడు. వాటి మీద తెల్ల హెల్మెట్ పెట్టాడు, కంపెనీది అని కూడా చూసుకోకుండా. మిగిలిన తాడు చుట్ట తీసి సరిత చేతిలో పెట్టాడు.

“నాది నేను కట్టుకోవద్దు గద” అన్నాడు. “నీది నేను కట్టిన. ఇగ నాది నువ్వు కట్టు.”

తాడు గరుకుగా ఉంది. సరిత దాన్ని వదల్లేదు, విప్పలేదు. తన పేరు రాసిన పెట్టె వైపు చూసింది. పేరు లేని పెట్టె వైపు చూసింది.

కింద హారన్ రెండోసారి మోగింది.

“నేను కట్ట” అంది సరిత.